ఇంటి చెత్త – ఊరి గుత్త

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో చెత్తను గూర్చిన ప్రసంగమేమని కొందఱికి వింతగా తోచవచ్చును. సరస్వతీ మందిరమున పెంటకుప్ప ప్రస్తావన తగునా యని పెద్దలు శంకింపవచ్చును. అయితే భారత రాజ్యాంగము ఈ రెంటిని ఒకే పట్టికలో చేర్చినది. 1992లో చేయబడి 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చిన డెబ్బది మూడవ సవరణము రాజ్యాంగమునకు పదునొకండవ షెడ్యూలును జతపఱచినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు అందు గలవు. వానిలో ఇరువదియవది గ్రంథాలయములు; ఇరువది మూడవది ఆరోగ్యము, పారిశుద్ధ్యము. ఈ రెంటి నడుమ నున్నవి సాంస్కృతిక కార్యములును, సంతలు తిరునాళ్లును మాత్రమే. కావున గ్రంథాలయ సభలో పారిశుద్ధ్యమును గూర్చి ముచ్చటించుట అప్రస్తుత ప్రసంగము కాదు.

పంచాయతీ ఇంటింటి చెత్తను సేకరించుటకు గుత్త ఇయ్యదలచినపుడు ఆ ఒప్పందమును ఎట్లు వ్రాసికొనవలెను? ఏమి లెక్కింపవలెను? దేనికి డబ్బు చెల్లింపవలెను? ఇదియే నేటి విషయము. చెఱువు గట్టున పొగలు గ్రక్కు కుప్పను చూచి గుత్తదారును నిందించుట సులభము. ఆ కుప్ప బీజము తఱచు ఒప్పంద పత్రములోనే పడియుండును. వ్రాతలో నున్న లోపమే వీథిలో దుర్గంధముగా పరిణమించుచున్నది.

పూర్వము గ్రామములకు ఇట్టి గుత్త అక్కఱలేకుండెను. ఇల్లూడ్చిన దుమ్ము, పొయ్యిలోని బూడిద, కూరగాయల తొక్కలు, పశువుల పేడ – అన్నియు పెరటి దిబ్బకు చేరెడివి. ఏటికొక పర్యాయము బండ్లపై పొలమునకు పోయెడివి. పాత ఇనుము కొనువాడు వచ్చెడివాడు. పాతబట్టలకు పాత్రసామగ్రి నిచ్చువారు వచ్చెడివారు. చిక్కుతీసిన తలవెంట్రుకలకు సైతము బేరముండెను. పాతవస్తువును తిరిగి వాడుకొను విద్యను ఈ దేశపు పల్లెలకు పరదేశీయులు నేర్పవలసిన పనిలేదు.

మాఱినది మనుష్యుడు మాత్రమే కాదు, చెత్తయు మాఱినది. పాల సంచి, నూనె పొట్లము, షాంపూ పొట్లము, నీటి సీసా, పసిపిల్లలకు కట్టు డయపరు, చెడిపోయిన బల్బు, సెల్లు – ఇవి దిబ్బలో పడినను మాగవు. పేడతో కలసి పొలమునకు పోయిన యెడల దుక్కికి అడ్డుపడును. పశువు మేసిన యెడల కడుపులో ముద్దగట్టి ప్రాణము తీయును. తగులబెట్టిన యెడల విషపు పొగయై ప్రక్కయింటి పసిబిడ్డ ఊపిరిలోనికి పోవును. 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేయు కొన్ని ప్లాస్టిక్ వస్తువుల తయారీని, అమ్మకమును కేంద్ర ప్రభుత్వము నిషేధించినది. అయినను నిషేధమునకు లోబడని పొట్లములే ఊరి చెత్తలో హెచ్చు.

ఈ విషయమున చట్టము క్రమక్రమముగా పెరిగినది. 1996లో శ్రీమతి అల్మిత్రా పటేల్ సుప్రీముకోర్టులో వేసిన వ్యాజ్యము ఫలితముగా 2000లో పట్టణ చెత్త నియమములు వెలువడినవి. 2016లో వాని స్థానమున వచ్చిన నియమములు చెత్తను ఇంటిలోనే మూడు విధములుగా వేఱుచేయవలెనని శాసించినవి. 2026 జనవరిలో ప్రకటింపబడిన నూతన నియమములు తడి చెత్త, పొడి చెత్త, డయపర్లు మున్నగు శరీర శుభ్రతకు సంబంధించిన చెత్త, ప్రత్యేక జాగ్రత్త వలసిన చెత్త అని నాలుగు విధములుగా విభజించినవి. పల్లెలలో ఘన, ద్రవ వ్యర్థముల పని 2020లో స్వచ్ఛ భారత్ గ్రామీణ పథకపు రెండవ దశతో ఊపందుకొన్నది. ఆంధ్రదేశమున పలు పంచాయతీలలో చెత్తనుండి సంపద తయారుచేయు కేంద్రములు కట్టబడినవి. ఇంటింటికి రెండు బుట్టలు పంచబడినవి. కొన్ని ఊళ్లలో ఆ కేంద్రములు చక్కగా నడచినవి. మఱికొన్ని ఊళ్లలో రేకుల పంచ మిగిలి, బుట్టలలో బియ్యము నిలువయున్నది. కట్టడము ప్రభుత్వమియ్యగలదు, నడిపించు ఏర్పాటు గ్రామమే చేసికొనవలెను. ఆ ఏర్పాటునకే ఒప్పందమని పేరు.

ఒప్పంద పత్రముపై ఇరువురు సంతకము చేయుదురు: పంచాయతీ ఒకరు, చెత్త సేకరించు గుత్తదారో సంఘమో మఱియొకరు. పనిలో మాత్రము మూడవవారు గలరు. వారు ఇంటివారు. ఇల్లాలు తడి చెత్తను, పొడి చెత్తను వేఱుచేసి యియ్యని యెడల ఎంతటి గుత్తదారుడైనను దానిని కేంద్రములో వేఱుచేయజాలడు. అన్నము మెతుకులలో తడిసిన కాగితమును ఏ వర్తకుడును కొనడు. గాజుపెంకు కలసిన ఎరువును ఏ రైతును చల్లడు. వరిమడిలో పాదరక్షలు లేక దిగు కూలివాని కాలు దానికి సాక్షి. కావున ముగ్గురి విధులును వ్రాయని ఒప్పందము అసంపూర్ణము.

ఒప్పందము వ్రాయుటకు పూర్వము మూడు పనులు చేయవలెను: లెక్కించుట, తూచుట, నడచుట.

మొదటిది లెక్కించుట. ఇండ్లెన్ని, అంగళ్లెన్ని, హోటళ్లెన్ని, కోళ్ల మాంసపు కొట్లెన్ని, పాఠశాలలెన్ని, కల్యాణ మండపమున్నదా, వారపు సంత జరుగునా – ఇవి వీథి వారీగా పట్టికగా వ్రాయవలెను. ఇంటిపన్ను పుస్తకములో నున్న సంఖ్య చాలదు. ఒక పన్ను నంబరు క్రింద మూడు కాపురములుండవచ్చును. ఇంకొక నంబరుకు తాళము వేసి యజమాని హైదరాబాదులో నుండవచ్చును. ఊరి చివరి కాలనీ పుస్తకమునకే ఎక్కకపోవచ్చును. సేవ ముందుగా తప్పిపోవునది ఆ కాలనీకే.

రెండవది తూచుట. వేర్వేఱు వీథులలో ముప్పది నలువది ఇండ్లను ఎంచుకొని ఎనిమిది దినములు వారి చెత్తను తడి వేఱు, పొడి వేఱుగా తూచిన చాలును. ఎనిమిది దినములలో ఆదివారపు మాంసము, సంతనాటి కూరగాయలు రెండును వచ్చును. ఈ దేశపు ఇంటి చెత్తలో తడిదే సగమునకు మించి యుండుట సామాన్యము. అయినను పొరుగూరి లెక్కతో పని జరుగదు. పెరడున్న ఇంటికిని, మేడపై అద్దె గదికిని భేదమున్నది. మామిడిపండ్ల కాలమున ఒక తూకము, సంక్రాంతి నాడొక తూకము. పండుగల నాటి అధిక భారమును ఎవరు మోయవలెనో ముందే వ్రాయని యెడల కనుమ మఱునాడు జగడము తప్పదు.

మూడవది నడచుట. ఇది పలువురు మఱచునది. ఒకనాటి ఉదయము బండి వెంట పంచాయతీ సభ్యుడొకడు గడియారము చేతబట్టి నడువవలెను. ఉదాహరణమునకు వేయి ఇండ్ల గ్రామమును తీసికొనుడు. ఇంటికొక నిమిషము చొప్పున వేయి నిమిషములగును. అనగా 16 గంటల 40 నిమిషములు. నలుగురు పంచుకొన్న యెడల ఒక్కొక్కరికి 4 గంటల 10 నిమిషములు. ఉదయము ఆఱింట బయలుదేఱినవారు పదింటికి వీథులు ముగింతురు. అటుపిమ్మట కేంద్రములో వేఱుచేయుట, ఎరువు మడులు తిరుగవేయుట, బండ్లు కడుగుట గలవు. కావున వేయి ఇండ్లకు నలుగురు మనుష్యుల పూర్తి దినపు పని యున్నది.

ఇప్పుడు కూలి లెక్క. 2025-26లో ఆంధ్రప్రదేశమున గ్రామీణ ఉపాధి హామీ పనికి దినకూలి 307 రూపాయలు. పారిశుద్ధ్యపు పనివానికి అంతకన్న తక్కువ ఇయ్యవలెనని ఏ న్యాయశాస్త్రమును చెప్పదు. నెలకు 26 దినములకు ఒక్కరికి 7,982 రూపాయలు. నలుగురికి 31,928 రూపాయలు. ఇంటికి నెలకు 39 రూపాయల చొప్పున గుత్త నిర్ణయించిన యెడల 39,000 రూపాయలగును. కూలి పోగా మిగులు 7,072 రూపాయలు. బండ్ల మరమ్మతులు, చేతితొడుగులు, బూట్లు, చీపుళ్లు, కేంద్రపు ఖర్చులు, మేస్త్రీ శ్రమ ఇందులోనే వెళ్లవలెను. ఇది ఉదాహరణము మాత్రమే. ప్రతి గ్రామమును తన ధరలతో, నాటి కూలితో, చట్టము విధించిన కనీస వేతనముతో తిరిగి వేసికొనవలెను.

ఈ లెక్క చేతనున్న యెడల టెండర్లు తెఱచునాడు మోసము పనికిరాదు. అదే ఊరికి ఒకడు 20,000 రూపాయలకే పనిచేయుదునని వ్రాసి యిచ్చెననుకొనుడు. అందఱును చప్పట్లు చఱచి తక్కువ ధర దొరకినదని సంతసింతురు. అయితే ఖర్చులేమియు లేకున్నను ఆ సొమ్ము నలుగురికి 5,000 చొప్పున, అనగా దినమునకు 192 రూపాయల చొప్పున మాత్రమే వచ్చును. కావున ఆతడు ఇరువురితోనే పని నడుపదలచెనన్నమాట. లేక నలుగురి కడుపు కొట్టదలచెనన్నమాట. ఇరువురైన సగము వీథులు తప్పును. కడుపు కొట్టిన యెడల పనివారు మూడవ నెలలో మానివేయుదురు. తక్కువ పాట పాడినవానికి గుత్త నిచ్చి, హెచ్చు కష్టమును ఊరు కొనితెచ్చుకొనును. కావున టెండరులో మొత్తము సొమ్ము మాత్రమే కాక, ఎందఱు మనుష్యులు, ఎన్ని బండ్లు, ఒక్కొక్కరికి ఎంత కూలి యను వివరములు వ్రాయించవలెను. లెక్కకు నిలువని పాటను, అది ఎంత తక్కువదైనను, కారణము వ్రాసి త్రోసివేయు అధికారమును టెండరు ప్రకటనలోనే ఉంచుకొనవలెను.

తరువాతి ప్రశ్న దేనికి డబ్బు చెల్లించుట యనునది. ఒప్పందమునకు ఇదియే ప్రాణము. ఏది కొలిచి సొమ్మిత్తురో గుత్తదారు అదియే పెంచును.

తూకముపై చెల్లించిన యెడల తూకము పెరుగును. పెద్ద నగరములలో చెత్తతో మట్టిని, కూల్చిన గోడల రాళ్లను కలిపి బరువు పెంచిన ఉదంతములు పలుమార్లు బయటపడినవి. అంతియ కాదు, ఇల్లాలు పెరటిలో గొయ్యి తీసి తొక్కలు అందులో వేసిన యెడల గుత్తదారుకు నష్టము. ఊరు బాగుపడుకొలది తన రాబడి తగ్గునని తెలిసినవాడు ఊరి బాగును కోరునా?

ఇంటి లెక్కపై చెల్లించుట అంతకన్న మేలు. రాళ్లు కలిపినందువలన లాభము లేదు. అయితే ఇందును ఒక చిక్కున్నది. ఇంటికి పోయినను పోకున్నను సొమ్ము వచ్చునపుడు బండి దూరపు కాలనీకి పోదు. కావున ఇంటి లెక్కతో పాటు తనిఖీ ఉండవలెను. వారమునకొకసారి, ముందుగా చెప్పని దినమున, ఇరువది ఇండ్ల నంబర్లు చీట్లు తీసి, పంచాయతీ సభ్యుడును మహిళా సంఘపు ప్రతినిధియు ఆ ఇండ్లకు పోయి విచారింపవలెను. పైన చెప్పిన 39 రూపాయల లెక్కలో ఒక ఇంటికి దినమునకు రూపాయిన్నర పడును. రెండువందల ఇండ్ల వీథికి ఒకనాడు బండి పోకున్న యెడల 300 రూపాయలు ఆ నెల బిల్లులో తగ్గించవలెను. ఈ తగ్గింపు గుత్తదారు లాభములో నుండి పోవలెనే కాని, కూలివాని జీతములో నుండి కాదని స్పష్టముగా వ్రాయవలెను. తడి, పొడి వేఱువేఱుగా కేంద్రము చేరిన దినములు హెచ్చిన నెలలో కొంత బహుమాన మొత్తము పనివారికే నేరుగా చేరునట్లు చేయవలెను.

ఇంక పొడి చెత్త ఎవరి సొత్తు? ఇది చిన్న ప్రశ్న కాదు. అట్టపెట్టె, నీటి సీసా, ఇనుము, రేకు డబ్బా – ఇవి డబ్బు తెచ్చును. చిరుతిండ్ల పొట్లము, చిరిగిన సంచి, షాంపూ పొట్లము – ఇవి ఎవరును కొనరు. సీసాలను ఏరుకొని అమ్మి, పొట్లములను రాత్రివేళ తగులబెట్టుట పలుచోట్ల అలవాటు. బహిరంగముగా చెత్తను తగులబెట్టినవారికి 5,000 రూపాయలును, పెద్ద యెత్తున తగులబెట్టినవారికి 25,000 రూపాయలును చెల్లింపవలెనని జాతీయ హరిత ధర్మాసనము 2016 డిసెంబరులో ఆజ్ఞాపించినది. ఒప్పందములో ఒక్క వాక్యము చాలును: సీసా తీసికొన్నవాడు పొట్లమును కూడ తీసికొనవలెను. కొనువారు లేని ప్లాస్టిక్‌ను మూటలు గట్టి నిలువచేసి, సిమెంటు కర్మాగారముల కొలుములకో, రోడ్ల పనికో పోవునట్లు పంచాయతీ ఏర్పాటు చేయవలెను. ఆ రవాణా ఖర్చు ఎవరిదో కూడ అందే వ్రాయవలెను.

ఈ సందర్భమున పుణె నగరపు ఉదాహరణము తెలిసికొనదగినది. వీథులలో కాగితములు, గాజు, రేకు ఏరుకొని బ్రదుకు స్త్రీపురుషులు అచట 1993లో ‘కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్’ అను సంఘముగా ఏర్పడిరి. వారిలో స్త్రీలే హెచ్చు. వారి సహకార సంస్థయగు ‘స్వచ్ఛ్’తో నగరపాలక సంస్థ 2008లో ఒప్పందము చేసికొన్నది. ఇంటింటికి పోయి వేఱుచేసిన చెత్తను తెచ్చుట వారి పని. ఇంటివారు నెలనెలా కొంత రుసుము నేరుగా వారికే యిత్తురు. పొడి చెత్త అమ్మిన సొమ్ము వారిదే. పనిముట్లు, వేఱుచేయు స్థలము నగరపాలక సంస్థ వంతు. నిన్నటివరకు కుండీలో చేయిపెట్టి ఏరుకొన్నవారు గడప ముందు నిలిచి, పేరుతో పిలువబడి, రుసుము తీసికొను పనివారైరి. ఒప్పందమునకు మనుష్యుని నిలువబెట్టు శక్తి గలదనుటకు ఇది నిదర్శనము.

తెలుగు నేలపైనే సూర్యాపేట గలదు. పురపాలక సంఘము అచట 2003 ప్రాంతమున వీథి కుండీలను తీసివేయించి, ఇంటింటి నుండి తడి, పొడి చెత్తలను వేఱువేఱుగా తెప్పించినది. కుండీ లేని వీథిలో కుప్ప పెరుగదు. కుండీ యున్నచోట దాని చుట్టును కుప్ప పెరుగుననుట ప్రతి ఊరికిని అనుభవమే. ఆ పట్టణపు పని చూచుటకు ఇతర ప్రాంతముల అధికారులు వచ్చిరి.

ఈ ఉదాహరణములు గ్రామమునకు చెప్పు నీతి యేమన, ఊరిలోనే ఈ పనితో బ్రదుకువారిని ముందుగా విచారింపవలెను. చాలకాలముగా వీథులూడ్చుచున్న కుటుంబములు, పాతసామాను కొనువారు, మహిళా పొదుపు సంఘములు గలవు. పెద్ద ధరావతు సొమ్మును, పూర్వానుభవపు పత్రములను, సొంత లారీలను టెండరులో కోరిన యెడల వీరు గుమ్మములోనే ఆగిపోవుదురు. బండ్లు, కేంద్రము పంచాయతీవిగా నుంచి, పని మాత్రమే గుత్త నిచ్చిన యెడల చిన్న సంఘములు కూడ పాటకు రాగలవు. గుత్తదారు మాఱినను బండ్లు ఊరిలోనే యుండును. గడువు ఒక్క యేడైన పని నేర్చుకొనునప్పటికే ముగిసిపోవును. పదేండ్లైన తప్పు సరిదిద్దుకొను వీలుండదు. మూడేండ్ల గడువు, ఏటేట సమీక్ష, మూడు నెలల ముందు తెలియజేసి విరమించు హక్కు ఉభయులకును ఉండుట ఉచితము.

తడి చెత్త విషయమున ఒప్పందము రైతును మఱువరాదు. మడిలో వేసి, తగు తేమ నుంచి, అప్పుడప్పుడు తిరుగవేసి, పిమ్మట వానపాములను వదలిన యెడల తడి చెత్త కొన్ని వారములలో నల్లని ఎరువగును. జల్లెడ పట్టి అమ్మవచ్చును. వానకాలమున మడిపై కప్పు లేకున్న సారము కొట్టుకొనిపోవును. వేసవిలో నీడ లేకున్న వానపాములు చచ్చును. ఈ చిన్న పనులు ఎవరివో పత్రములో ఉండవలెను. ఎరువును కొను మొదటి హక్కు ఊరి రైతులకు ఉండవలెను. రైతు సంచి విప్పి చేతితో పిడికెడు తీసి చూచినపుడు గాజుపెంకు కాని, పొట్లపు ముక్క కాని కనబడకున్న యెడల ఇల్లాలి గెలుపు, పనివాని గెలుపు, పంచాయతీ గెలుపు మూడును ఆ పిడికిటిలో నుండును.

కొన్ని వస్తువులు ఈ బండిలో పడరానివి. వైద్యుడు వాడిన సూదులు, కట్లు ఇంటి చెత్త కావు. వానికి 2016 నాటి జీవవైద్య వ్యర్థముల నియమములు వేఱుగా గలవు. పురుగుమందు డబ్బాలను కడిగి నీళ్లు త్రాగుటకు వాడుట ప్రాణాంతకము. వానిని నెలకొకనాడు వేఱుగా సేకరింపవలెను. డయపర్లు, స్త్రీలు వాడు ప్యాడ్లు కాగితములో చుట్టి గుర్తు పెట్టి యియ్యవలెను. పుణెలో ఆ మూటపై ఎఱ్ఱచుక్క పెట్టుమని ప్రచారము చేసిరి. ఆ చుక్క చూచిన పనివాడు దానిని విప్పడు. కోళ్ల కొట్లు, కల్యాణ మండపములు, హోటళ్లు తమ భారమునకు తగిన వేఱు రుసుము ఇయ్యవలెను. వేయిమంది భోంచేసిన పెండ్లి విస్తళ్లను ఇంటి రుసుముతో మోయుమనుట న్యాయము కాదు.

రుసుమును గూర్చి ఒక మాట. ఆంధ్రప్రదేశపు పట్టణములలో 2021లో చెత్త సేకరణకు ఇంటింటి నుండి రుసుము వసూలు ప్రారంభమయ్యెను. ప్రజలలో వ్యతిరేకత పుట్టి 2024లో అది రద్దు చేయబడెను. పంచాయతీలకైతే 2021-26 నడుమ పదునైదవ ఆర్థిక సంఘపు నిధులలో నూటికి అఱువది పాళ్లు త్రాగునీటికిని, పారిశుద్ధ్యమునకును చెఱిసగముగా ప్రత్యేకింపబడినవి. నిధి యెక్కడనుండి వచ్చినను సూత్రమొక్కటే. ప్రజలు సేవను ముందు కన్నులార చూడవలెను; పిమ్మట లెక్కను చెవులార వినవలెను; ఆ మీదటనే సొమ్ము ప్రసక్తి. బండి రాని వీథికి బిల్లు వచ్చుటకన్న కోపకారణము లేదు.

తప్పు చేసిన ఇంటికి దండనమేమి? ప్రాచీనులు దీనిని విచారింపకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున వీథిలో దుమ్ము పోసినవానికి పణములో ఎనిమిదవ వంతును, బురదతో నీటితో దారి నడ్డగించినవానికి పావు వంతును, అదే రాజమార్గమైన రెట్టింపును దండుగ విధింపబడినది. మనుస్మృతి రాజమార్గమును మలినపఱచినవాడు రెండు కార్షాపణములిచ్చి, ఆ మలినమును వెంటనే తొలగింపవలెనన్నది. అయితే ఆపదలో నున్నవారికి, వృద్ధులకు, గర్భిణులకు, బాలురకు దండుగ లేదు, మందలింపు మాత్రమే. శుభ్రము చేయుట మాత్రము తప్పదు. ఈ వివేకము నేటి పంచాయతీకిని పనికివచ్చును. మొదటి తప్పునకు బండివాడు చెత్తను గడపలోనే వదలి, వేఱుచేయు విధము చెప్పవలెను. రెండవమాఱు వీథి పెద్దలు చెప్పవలెను. మూడవమాఱు దండుగ. ముసలమ్మకు దండుగ వలదు; ప్రక్కయింటి బిడ్డ చేతిసాయము చేయవలెను.

పనివారి విషయము వేఱుగా చెప్పకున్నను కూలి లెక్కలోనే చెప్పబడినది. అయినను పత్రములో నాలుగు షరతులు తప్పక ఉండవలెను: ప్రతి నెల నిర్ణీత తేదీకి జీతము, చేతితొడుగులు, బూట్లు చినిగిన వెంటనే క్రొత్తవి, ఏటికి రెండుమాఱులు వైద్య పరీక్ష, వారమునకొక దినము విశ్రాంతి. ఐదవ షరతు పత్రమున వ్రాయుటకు వీలుకానిది. బండి గంట విని బయటికి వచ్చు ఇల్లాలు బుట్టను దూరమునుండి విసరక, చేతికందించుట. దప్పిక యన్నవానికి మంచినీళ్లియ్యుట. ఆ యింటి గ్లాసుతోనే యిచ్చుట. దీనికి గ్రామసభ తీర్మానము చాలదు. గ్రంథాలయములో చదివిన పుస్తకములు కొంత తోడ్పడవలెను.

చివరగా ఈ ఒప్పందపు కాపలాను గూర్చి. ఒప్పందము వ్రాసి బీరువాలో పెట్టి తాళము వేసిన యెడల అది చెదలకు ఆహారము. దాని ప్రతి ఒకటి గ్రంథాలయపు బల్లమీద, దినపత్రికల ప్రక్కన ఉండవలెను. దానితోపాటు రోజువారీ చిట్టా ఒకటి: నేడు బండి పోయిన వీథులు, కేంద్రము చేరిన తడి చెత్త తూకము, పొడి చెత్త తూకము, అమ్మిన సరకు, వచ్చిన సొమ్ము, వచ్చిన ఫిర్యాదులు, తీర్చిన తేదీ. ఒక్క పుట చాలును. పేపరు చదువ వచ్చినవారెవరైనను ఆ పుటను త్రిప్పి చూడవచ్చును. ఊరివారు చదువు పుస్తకములో అబద్ధము వ్రాయుటకు చేయి వణకును. గ్రామసభనాడు ఆ మూడు నెలల మొత్తములను పైకి చదివిన యెడల ప్రసంగములతో పనియుండదు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయపు పన్నును చెల్లించుచున్న ప్రజలకు ఆ గ్రంథాలయము ఈ మాత్రము సేవ చేయుట ధర్మము.

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నది పెద్దల సామెత. చెత్త విషయమున దీనికన్న నిజమైన మాట లేదు. వంటింటి మూలనున్న రెండు బుట్టలలో ఏది యెందులో పడవలెనో అచటనే తేలిపోవును. టెండరు, గుత్త, తనిఖీ, దండుగ అన్నియు దాని తరువాతివి. అయితే ఇల్లు గెలిచిన పిదప రచ్చ ఓడిపోరాదు. ఇల్లాలు వేఱుచేసి యిచ్చిన చెత్తను బండివాడు ఆమె కన్నులయెదుటనే ఒక్క కుప్పగా కలిపివేసిన యెడల ఆమె మఱునాడు వేఱుచేయదు. ఆ ఒక్క దినపు అలక్ష్యము ఏడాది ప్రచారమును వ్యర్థము చేయును. కావున పంచాయతీ తన మాట నిలుపుకొనునట్లు ఒప్పందమును వ్రాయవలెను. ఇంటివారు తమ వంతు నిలుపుకొనునట్లు బుట్టలను నింపవలెను.

ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయమును నిలిపినవారు పుస్తకమును తీసికొన్నవాడు తిరిగి యియ్యవలెనను చిన్న నియమముతోనే నిలిపిరి. భూమినుండి తీసికొన్నదానిని భూమికి తిరిగి యిచ్చుట, అంగడినుండి తెచ్చినదానిని అంగడికి తిరిగి పంపుట – పారిశుద్ధ్యపు ఒప్పందము కోరునది ఇంతే. స్వర్ణోత్సవము నాటికి చెఱువు గట్టుపై పొగ లేకుండుగాక! ఆ గట్టుపై కూర్చుండి బాలబాలికలు ఈ గ్రంథాలయపు పుస్తకములు చదువుకొందురుగాక!

స్వస్తి.